పాత గ్రాఫిక్స్ కార్డుకి జత వెతకాలా, కొత్తది ఒక్కటి కొనాలా? డబ్బు తీసే ముందు చేయాల్సిన పనులు

గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "మావయ్యా, నా దగ్గరున్న 1060 గ్రాఫిక్స్ కార్డు లాంటిదే ఇంకోటి బ్రాడీపేటలో ఒకాయన ఐదున్నర వేలకి ఇస్తానంటున్నాడు. రెండూ కలిపితే 1080 అంత స్పీడు వస్తుందంట. తీసుకోనా?" అన్నాడు. అడ్వాన్సు ఇచ్చావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. జీటీఎక్స్ 1060ని ఇంకో 1060తో కలిపే ఏర్పాటు దాని తయారీ కంపెనీ ఎన్విడియా అసలు ఇవ్వనేలేదు. కార్డు పైఅంచున బ్రిడ్జి (రెండు కార్డులని కలిపే చిన్న ముక్క) తగిలించే పళ్లు కూడా ఉండవు. వాడు కొని ఉంటే రెండో కార్డు క్యాబినెట్‌లో ఊరికే కూర్చుని కరెంటు తాగేది.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. చుట్టాలకి, స్నేహితులకి పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బిగించి ఇస్తున్నాను. రెండు జీటీఎక్స్ 970లు కలిపి రెండేళ్లు సొంతంగా వాడాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నాను: ఆటల కోసమైతే దాదాపు ప్రతిసారీ కొత్త కార్డు ఒక్కటే మేలు. కానీ నా మాట మీద కొనేయకండి. కింద చెప్పే పనులు వరసగా చేయండి, మీ లెక్క మీకే తేలుతుంది.

మొదట: ఆ కార్డుతో ఏం పని చేస్తున్నారో కాగితం మీద రాయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం జవాబు ఇక్కడే ఉంది. ఆటలైతే ఏ ఆటలు, ఏ రిజల్యూషన్‌లో ఆడుతున్నారో రాయండి. బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్‌లో రెండరింగా (సీనుని బొమ్మగా గీయించడం), పెళ్లి వీడియోల ఎడిటింగా, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడమా అన్నది విడిగా రాయండి. ఆటకి రెండు కార్డులు కలిసి పనిచేయడం వేరు, రెండరింగ్‌కి కలిసి పనిచేయడం వేరు. రెంటినీ ఒకే మాటతో చెప్పేవాళ్ల దగ్గరే జనం మోసపోతున్నారు.

రెండో పని: మీ కార్డు అసలు జత కడుతుందో లేదో చూడండి

రెండు కార్డులని జత కట్టే ఈ పద్ధతికి ఎన్విడియా 2004లో ఎస్ఎల్ఐ అని పేరు పెట్టింది. ఏటీఐ (తర్వాత ఏఎండీలో కలిసిన కంపెనీ) మరుసటి ఏడాదే క్రాస్‌ఫైర్ తెచ్చింది. అన్ని కార్డులకీ ఆ సౌకర్యం లేదు. ఎన్విడియాలో 960, 970, 980, 980 టీఐ, తర్వాత 1070, 1070 టీఐ, 1080, 1080 టీఐ జత కడతాయి. 750 టీఐ, 1050, 1050 టీఐ, 1060, 16 సిరీస్ మొత్తం, 2060, మామూలు 2070 కట్టవు. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా చేతులు మారేవి ఈ రెండో వరసవే. 20 సిరీస్‌లో 2070 సూపర్, ఆ పైవాటికి ఎన్‌వీలింక్ అనే వేరే బ్రిడ్జి ఉంది. 30 సిరీస్‌లో 3090, 3090 టీఐలకే మిగిలింది. 4090కి వచ్చేసరికి అదీ తీసేశారు.

ఏఎండీలో ఆర్ఎక్స్ 470, 480, 570, 580 లాంటివి బ్రిడ్జి లేకుండానే మదర్‌బోర్డు ద్వారా మాట్లాడుకుంటాయి. 5700 నుంచి అదీ లేదు.

ఎస్ఎల్ఐకి రెండు కార్డుల మోడలూ, మెమరీ ఒకటే అయి ఉండాలి. తయారుచేసిన కంపెనీలు వేరైనా పర్వాలేదు. మీ కార్డు ఈ లెక్కలో లేకపోతే, ఆటల కోసం జత ఆలోచన ఇక్కడే వదిలేసి కొత్త కార్డు సంగతి చూడండి.

మూడో పని: రెండు కార్డులు కలిస్తే లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకోండి

ఎద్దుల జత కట్టిన రైతుకి ఇది వెంటనే తెలుస్తుంది. రెండెద్దులకీ బలం ఉంటే చాలదు, నడక కలవాలి. ఎస్ఎల్ఐలో ఒకటో ఫ్రేము (ఆటలో తెర మీద వచ్చే ఒక్కో బొమ్మ) మొదటి కార్డు గీస్తుంది, రెండోది రెండో కార్డు, మూడోది మళ్లీ మొదటిది. ఇలా వంతులవారీగా సాగుతుంది. సెకనుకి 60 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 16.7 మిల్లీసెకన్లు పట్టాలి. కానీ నడక కలవనప్పుడు ఒక ఫ్రేము 8 మిల్లీసెకన్లకి, తర్వాతది 25కి వస్తుంది. సగటు చూస్తే తెర మూలన ఉండే ఫ్రేముల అంకె 60 అనే చూపిస్తుంది. కంటికి మాత్రం 40 దగ్గర ఆడుతున్నట్టు కుదుపుగా ఉంటుంది. దీన్నే మైక్రోస్టటర్ అంటారు. నా 970లతో నేను ఎక్కువ బాధపడింది దీనితోనే. అంకె బాగుంది, ఆట బాగోలేదు. తప్పు ఎక్కడుందో తెలియక మానిటర్ మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను, ర్యామ్ కూడా కొన్నాను.

ఇక మెమరీ. 4 జీబీ కార్డు పక్కన ఇంకో 4 జీబీ కార్డు పెడితే ఆటలో 8 జీబీ కాదు. ఆట తాలూకు సరుకంతా రెండు కార్డుల్లోనూ ఒకే నకలుగా ఉండాలి కాబట్టి వాడకానికి దొరికేది 4 జీబీయే. ఇప్పటి పెద్ద ఆటలకి 1080పీ రిజల్యూషన్‌లో కూడా 4 జీబీ సరిపోదు. పాత కార్డుకి అసలు జబ్బు మెమరీ తక్కువ కావడమైతే, జత దానికి మందు కాదు.

మూడో సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఎస్ఎల్ఐ పనిచేయాలంటే ఆట తయారుచేసినవాళ్లో, డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రామ్) రాసినవాళ్లో ప్రతి ఆటకీ విడిగా ఏర్పాటు చేయాలి. ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి 20 సిరీస్, అంతకు ముందు కార్డులకి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం ఆపేసింది. విండోస్‌లో ఆటలు కార్డుతో మాట్లాడే డైరెక్ట్‌ఎక్స్ 12 పద్ధతి వచ్చాక ఆ భారం పూర్తిగా ఆట తయారీదారు మీద పడింది. ఆ కష్టం తలకెత్తుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పైగా ఇప్పటి ఆటలు అంచులు నునుపు చేయడానికి ముందు ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. ఆ ముందు ఫ్రేము పక్క కార్డులో ఉంటే అది వచ్చేదాకా ఈ కార్డు ఆగాలి. ఇద్దరు పనివాళ్లని పెట్టి, ఒకరు ముగిస్తేగానీ ఇంకొకరు మొదలుపెట్టకూడదు అంటే ఎలా ఉంటుందో అలా అవుతుంది. చాలా కొత్త ఆటల్లో రెండో కార్డు సున్నా శాతం మీద ఊరికే ఉంటుంది.

మీరు రాసిన ఆటల జాబితా ఇప్పుడు తీయండి. ఒక్కోదానికీ ఎస్ఎల్ఐ లేదా క్రాస్‌ఫైర్ పనిచేస్తుందా అని వెతకండి. అన్నీ 2017కి ముందువే అయితే కొంత ఆశ ఉంది. మిగతావాళ్లకి లేదు.

ఇంకో మాట. 2025 అక్టోబరుతో 900, 10 సిరీస్ కార్డులకి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు ఎన్విడియా ఆపేసింది. 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి భద్రతకి సంబంధించిన అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. ఇవాళ రెండో 1070 కొంటే ఆ సంగతి తెలిసే కొనాలి.

నాలుగో పని: మదర్‌బోర్డు

బోర్డు మీద పొడుగు స్లాట్లు రెండు కనిపించగానే సంతోషపడకండి. స్లాటు పొడుగ్గా ఉన్నా లోపల నాలుగు లేన్లకే (సమాచారం వెళ్లే దారులు) తీగలు ఉండొచ్చు. ఎస్ఎల్ఐకి ఒక్కో కార్డుకి కనీసం ఎనిమిది లేన్లు కావాలి, బోర్డుకి ఎన్విడియా అనుమతీ ఉండాలి. జడ్170, జడ్270, జడ్390, ఎక్స్470 లాంటి చిప్‌సెట్లున్న చాలా బోర్డుల్లో ఇవి దొరుకుతాయి. మనలో ఎక్కువమంది కొనే హెచ్, బీ రకం బోర్డుల్లో దొరకవు. క్రాస్‌ఫైర్ నాలుగు లేన్లతోనూ నడుస్తుంది, కాకపోతే నెమ్మదిస్తుంది. బోర్డు పేరు తెలియకపోతే సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించి, మెయిన్‌బోర్డు పేజీలో ఉన్న పేరు రాసుకుని, మాన్యువల్‌లో ఎస్ఎల్ఐ అన్న మాట వెతకండి.

ఐదో పని: ఎస్ఎంపీఎస్, యూపీఎస్, ఎండ

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, మొత్తం కంప్యూటర్ పోవడం ఇంకో ఎత్తు.

లెక్క ఇలా వేయండి. 970 ఒక్కోటి 145 వాట్లు, రెండు 290. ప్రాసెసర్‌కి 90, డిస్కులు, ఫ్యాన్లు, బోర్డు కలిపి 50 అనుకోండి. మొత్తం 430. క్షణకాలం ఎగిసే వాడకం దీనికంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి మంచి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకి కరెంటు పంచే పెట్టె) కావాలి. అదే ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటైతే 115 వాట్లు. మొత్తం 255 దగ్గరే ఆగుతుంది. దానికి ఎన్విడియా చెప్పే ఎస్ఎంపీఎస్ 550 వాట్లు.

పైన అట్టపెట్టె మీద రాసిన వాట్లు నమ్మకండి. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టీలో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో చూసి, 12తో గుణించండి. నేను మోసపోయింది ఇక్కడే. నా దాని మీద 600 వాట్లు అని పెద్ద అక్షరాలు. పట్టీ మీద 12 వోల్టులకి 25 ఆంపియర్లే. అంటే 300 వాట్లు. రెండు 970ల వాటానే 290. ఒక మే నెల సాయంత్రం చిన్న శబ్దం, కాలిన వాసన, చీకటి. కార్డులు బతికాయి, మదర్‌బోర్డు పోయింది. అప్పటినుంచి ఎవరికి బిగించినా ముందు ఆ పట్టీ ఫొటో పంపమంటాను. మీరూ ఇప్పుడే క్యాబినెట్ తీసి చూడండి. ఎనిమిది పిన్నుల వైరు ఒక్కోటి 150 వాట్లు, ఆరు పిన్నులది 75 వాట్లు మోయడానికి చేసినవి. ఒక్కో కార్డుకి ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా విడి వైరు రావాలి. మాలెక్స్ (పాత డిస్కులకి ఉండే నాలుగు పిన్నుల వైరు) నుంచి మార్చే కన్వర్టర్లతో కార్డుకి కరెంటు ఇవ్వొద్దు.

యూపీఎస్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది మామూలుగా 360 వాట్లు. రెండు కార్డుల మిషన్ ఆటలో ఉండగా కరెంటు పోతే అది ఒక్క క్షణం కూడా నిలబడదు. కొత్త కార్డు ఒక్కటే ఉన్న మిషన్, మానిటర్‌తో కలిపి, ఆ లెక్కలో ఇమిడిపోతుంది.

ఇక మన ఎండ. బెజవాడని బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు. మే నెలలో బయట 42, 43 డిగ్రీలుంటే ఏసీ లేని గదిలో కార్డు పీల్చే గాలే వేడిగాలి. రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి ఉంటే, కింది కార్డు వదిలిన వేడిని పైది పీలుస్తుంది. నా దగ్గర కింది కార్డు 70 దగ్గరుంటే పైది 85 చూపించేది. వేడి పెరిగితే కార్డు తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. అంటే డిసెంబరులో వచ్చిన స్పీడు మేలో రాదు.

ఆరో పని: అసలు ఖర్చు కూడండి

రెండో కార్డు ధర ఒక్కటే చూస్తే అది ఎప్పుడూ చౌకగానే కనిపిస్తుంది. దాని కింద ఎస్ఎంపీఎస్ ధర రాయండి. బ్రిడ్జి, అదనపు ఫ్యాన్లు, అవసరమైతే బోర్డు రాయండి. తర్వాత కరెంటు. పైన చెప్పిన రెండు మిషన్లకీ తేడా 175 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి 21 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకి 126, ఏడాదికి సుమారు పదిహేను వందలు. వేసవిలో ఏసీ వల్ల మీ బిల్లు ఇప్పటికే పైస్లాబులో ఉంటే ఇంకా ఎక్కువ. సీపీడీసీఎల్ బిల్లు తీసి, మీ ఆఖరి యూనిట్లు ఏ రేటులో పడుతున్నాయో చూసి, ఆ రేటుతోనే గుణించండి.

రెండో వైపు కొత్త కార్డు ధర రాసి, అందులోంచి మీ పాత కార్డు అమ్మితే వచ్చేది తీసేయండి. జత కడితే ఆ పాతది అమ్మే అవకాశమే పోతుంది. ఏడాదిలో దాని విలువ ఇంకా పడిపోతుంది. కొత్తదానికి చాలా కంపెనీలు ఇచ్చే మూడేళ్ల వారంటీనీ పక్కన రాయండి. మా వాడి లెక్కలో రెండో కార్డుకి ఐదున్నర వేలు, ఎస్ఎంపీఎస్‌కి దాదాపు అంతే పడ్డాయి. అంటే పదకొండు వేలు పెట్టి, దాదాపు ఏ ఆటలోనూ పనికిరాని ఒక 1060. కాగితం మీద చూసుకున్నాక వాడే నవ్వేశాడు.

ఏడో పని: కొత్త కార్డు మీ మిషన్‌కి నప్పుతుందో చూడండి

8 జీబీ కంటే తక్కువ మెమరీ ఉన్నది ఇప్పుడు కొనకండి. 4060 ఒక్కటే దాదాపు 1080 టీఐ స్థాయిలో ఉంటుంది. ఆర్ఎక్స్ 6600 దానికంటే తక్కువైనా 132 వాట్లతో, 8 జీబీతో 1080పీకి బాగా సరిపోతుంది. 3060 12 జీబీ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకో కింద చెప్తాను.

4060, 6600 రెండూ ఎనిమిది లేన్లనే వాడతాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాట్లున్న పాత బోర్డులో కొద్దిగా స్పీడు తగ్గుతుంది, అంతకు మించి భయం లేదు. ఇంటెల్ ఆర్క్ కార్డు ధర చూసి ఆశపడితే మాత్రం ఆగండి. దానికి రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బోర్డులో ఉండాలి. ఇంటెల్ పదో తరం కంటే పాత ప్రాసెసర్లలో అది మామూలుగా ఉండదు, అప్పుడు కార్డు చాలా నెమ్మదిస్తుంది. నాలుగు కోర్ల పాత ఐ5 ఉన్నవాళ్లు ఖరీదైన కార్డు జోలికి పోవద్దు, ప్రాసెసర్ దాన్ని అందుకోలేదు. క్యాబినెట్‌లో కార్డు పొడుగుకి చోటుందా అని టేపు పెట్టి కొలవండి.

ఎనిమిదో పని: సెకండ్ హ్యాండ్ అయితే పరీక్ష మీ కళ్ల ముందే జరగాలి

పాతదే ఒక్క మంచి కార్డు కొనాలనుకుంటే తప్పులేదు. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (కార్డులతో దాన్ని సంపాదించడం) ఆగిపోయాక ఆ కార్డులు బోలెడు మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిందని వదిలేయక్కర్లేదు, ఫ్యాన్లు మాత్రం శ్రద్ధగా చూడండి. చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి.

విజయవాడలో ఇంకో జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లలో మునిగి, ఆరబెట్టిన సామాను ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి వెళ్లిందో చెప్పలేం. అమ్మేవాళ్లకి కూడా తెలియకపోవచ్చు. స్క్రూల తలల మీద తుప్పు, కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ మరక, రేకుల సందుల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వద్దని చెప్పేయండి.

తర్వాత కార్డుని మిషన్‌లో పెట్టించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ ప్రోగ్రామ్ తెరవండి. పేరు, మెమరీ, షేడర్ల (కార్డులో లెక్కలు చేసే చిన్న భాగాలు) సంఖ్య సరిపోవాలి. ఆర్ఎక్స్ 580కి 2304 షేడర్లుండాలి. 2048 అని ఉంటే అది తక్కువ రకం. పాత చిప్‌కి 1050 టీఐ అని పేరు మార్చి అమ్మే నకిలీలనీ ఆ ప్రోగ్రామ్ చాలావరకు పట్టేస్తుంది. కార్డుని పూర్తి బరువు మీద పరీక్షించే ఫర్‌మార్క్ పదిహేను నిమిషాలు నడిపించి, వేడి ఎక్కడ ఆగుతుందో, తెర మీద చుక్కలూ గీతలూ వస్తున్నాయా చూడండి. అప్పుడు ఫోన్‌పే చేయండి. ముందు కాదు.

జత నిజంగా పనికొచ్చేది ఎవరికంటే

బ్లెండర్‌లో ఉండే సైకిల్స్ అనే ఇంజిన్‌తో రెండరింగ్ చేసేవాళ్లకి. దానికి ఎస్ఎల్ఐ అక్కర్లేదు, బ్రిడ్జి అక్కర్లేదు, రెండు కార్డులు ఒకే మోడల్ కానక్కర్లేదు. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ పేజీకి వెళ్లి రెండింటికీ టిక్కు పెడితే పని పంచుకుంటాయి. సమయం సగానికి దగ్గరగా తగ్గుతుంది. సీను మాత్రం ఒక్కో కార్డు మెమరీలోనూ పట్టాలి.

ఇంట్లో భాషా మోడళ్లు నడిపేవాళ్లకి ఇంకా లాభం. లామా సీపీపీ లాంటి ప్రోగ్రామ్ మోడల్ పొరలని రెండు కార్డులకి పంచుతుంది కాబట్టి ఇక్కడ మెమరీ నిజంగానే కలుస్తుంది. 12 జీబీ 3060లు రెండు పెడితే, ఒక్కదానిలో పట్టని 18 జీబీ మోడల్ కూడా పడుతుంది. ఆ కార్డంటే నాకు అభిమానం అన్నది ఇందుకే. స్పీడు రెట్టింపు కాదు, పెద్ద మోడల్ పట్టడమే లాభం. రెండో స్లాటు నాలుగు లేన్లదైనా సరిపోతుంది.

డావిన్చీ రిజాల్వ్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముళ్లకి ఒక హెచ్చరిక: ఉచిత వెర్షన్ ఒక్క కార్డునే వాడుకుంటుంది. డబ్బు కట్టే స్టూడియో వెర్షన్ ఉంటేనే రెండో కార్డు గురించి ఆలోచించండి.

ఇప్పటికే రెండు కార్డులు చేతిలో ఉంటే

అన్నయ్య పాత కార్డు ఊరికే ఇచ్చాడు, బోర్డు, ఎస్ఎంపీఎస్ రెండూ సరిపోతాయి అంటే బిగించి చూడండి, నష్టం లేదు. సేఫ్ మోడ్‌లో డీడీయూ (డ్రైవర్లని పూర్తిగా తుడిచే ప్రోగ్రామ్)తో పాత డ్రైవర్ తీసేయండి. మిషన్ ఆపి, ప్లగ్ పీకి, రెండు కార్డుల మధ్య వీలైనంత సందు ఉండే స్లాట్లు ఎంచుకోండి. విడివిడి వైర్లు ఇచ్చి, బ్రిడ్జి తగిలించి, మానిటర్ కేబుల్ పై కార్డుకి పెట్టండి. డ్రైవర్ ఎక్కించి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్ఎల్ఐ ఆన్ చేయండి. ఒక్కో ఆటనీ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి ఆడి, అంకె కాకుండా కంటికి ఏది నునుపుగా ఉందో చూడండి. కుదుపు ఉంటే రివా ట్యూనర్ అనే ప్రోగ్రామ్‌తో ఫ్రేములని 60 దగ్గర కట్టేయండి, కొంత తగ్గుతుంది.

మా మేనల్లుడు తన 1060 అమ్మి, ఆ డబ్బుకి దాచుకున్నది కలిపి 8 జీబీ 6600 ఒకటి తీసుకున్నాడు. బస్సెక్కి మా ఇంటికొచ్చి బిగించుకున్నాం. రాత్రి గుంటూరు చేరాక మళ్లీ ఫోన్: "మావయ్యా, ఏం తేడా లేదు." వీడియో కాల్‌లో మిషన్ వెనక్కి తిప్పి చూపించమన్నాను. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకి గుచ్చి ఉంది. దాన్ని కిందనున్న కార్డులోకి మార్చమన్నాను, ఆట పరుగందుకుంది. కొత్త కార్డు బిగించాక మీరూ మొదట చూడాల్సింది ఆ కేబులే.